తేనెటీగ ఇంటికి చేరిందా?



పోయిన నెల ఎనిమిదో తరగతిలో పంటల పాఠం చెబుతున్నాను. విత్తనాలు, ఎరువులు, కలుపు అన్నీ అయ్యి పురుగుమందుల దగ్గరికి వచ్చాం. వెనక బెంచీలో కూర్చునే ఒక బాబు లేచి ఒక డౌట్ అడిగాడు. మందు కొట్టిన పువ్వు మీద తేనెటీగ వాలి, చావకుండా ఎగిరిపోతే దానికి ఏమీ కానట్టేనా అని. బెల్ కొట్టడానికి ఐదు నిమిషాలే ఉంది. చావలేదంటే ఏమీ కానట్టే అని చెప్పేసి బోర్డు తుడిచేశాను.

ఇంటికి వెళ్లాక కూడా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. వారం రోజులు దొరికినవి చదివాను. నేను చెప్పిన జవాబు తప్పని తెలిసింది. అంతకంటే పెద్ద విషయం ఇంకొకటి తెలిసింది. ఆ బాబు అడిగిన ప్రశ్నకు సరైన జవాబు దొరకడానికి సైన్సుకు కొన్ని దశాబ్దాలు పట్టింది. ఆ దారి వేసిన మనిషి పేరు కార్ల్ వాన్ ఫ్రిష్. ఆయనకు పేరు తెచ్చింది పురుగుమందుల పరిశోధన కాదు. ఆరోగ్యంగా ఉన్న తేనెటీగ రోజంతా ఏం చేస్తుందో ఓపిగ్గా చూడటమే ఆయన పని. ఈ నెల మహనీయుల పేజీలో ఆయన గురించి మీకు చెప్పాలనుకుంటున్నాను.

ఇంటి నిండా జీవాలు

కార్ల్ 1886 నవంబర్ 20న ఆస్ట్రియా రాజధాని వియన్నాలో పుట్టాడు. నలుగురు అన్నదమ్ముల్లో ఆఖరివాడు. తండ్రి ఆంటన్ పేరున్న సర్జన్. తల్లి మేరీది చదువుల కుటుంబం. మేనమామ సిగ్మండ్ ఎక్స్‌నర్ పురుగుల కళ్లు ఎలా పనిచేస్తాయో పరిశోధించిన శాస్త్రవేత్త.

చిన్నప్పటి నుంచి కార్ల్‌కు జంతువుల పిచ్చి. పక్షులు, చేపలు, కప్పలు, బల్లులు, పురుగులు, ఏది దొరికితే అది ఇంటికి తెచ్చి పెంచేవాడు. స్కూలు రోజుల్లోనే వందకు పైగా రకాల జీవాలను పెంచాడట. మన ఇళ్లలో అయితే ఒక్క కుక్కపిల్లకే పెద్ద పంచాయితీ అవుతుంది! ఆ తల్లి మాత్రం అడ్డు చెప్పలేదు. వేసవి సెలవులకు కుటుంబమంతా వోల్ఫ్‌గాంగ్ సరస్సు ఒడ్డున బ్రున్‌వింకల్ అనే చోట ఉన్న పాత మిల్లు ఇంటికి వెళ్లేవారు. అక్కడ ఆ అబ్బాయి గంటల తరబడి కదలకుండా నీళ్లలోకి, ఆకుల కిందకి చూస్తూ ఉండేవాడు. కదలకుండా చూస్తూ కూర్చుంటే, అటుగా పోయేవాళ్లకు కనబడని సంగతులు కనబడతాయని ఆయనకు అప్పుడే తెలిసింది. ఆ సరస్సు ఒడ్డు పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

తండ్రి కోరిక కొడుకు డాక్టర్ కావాలని. ఈ మాట మీలో చాలామందికి కొత్త కాదు. కార్ల్ ఆ కోరిక ప్రకారమే వియన్నాలో మెడిసిన్‌లో చేరాడు. కొన్నాళ్లు చదివాక తన మనసు జంతువుల మీదే ఉందని తేలిపోయింది. మెడిసిన్ వదిలి జువాలజీకి మారి, జర్మనీలోని మ్యూనిక్‌లో రిచర్డ్ హెర్ట్‌విగ్ అనే ప్రొఫెసర్ దగ్గర చేరాడు. 1910లో డాక్టరేట్ వచ్చింది.

నీలం అట్టముక్క

ఆ రోజుల్లో కార్ల్ వాన్ హెస్ అనే పెద్ద కంటి వైద్య నిపుణుడు ఉండేవాడు. చేపలకు, పురుగులకు రంగులు తెలియవని, వాటికి లోకమంతా నలుపు తెలుపు సినిమాలాగే కనిపిస్తుందని ఆయన తేల్చి చెప్పాడు. ఆయన పేరు, హోదా చూసి చాలామంది నమ్మారు. పాతికేళ్ల వాన్ ఫ్రిష్‌కు మాత్రం నమ్మకం కుదరలేదు. తేనెటీగకు రంగు తెలియకపోతే పువ్వులకు అన్ని రంగులు దేనికి?

దీన్ని తేల్చడానికి ఆయన వేసిన ప్రయోగం మన పిల్లలు కూడా చేయగలిగినంత సులభం. ఆరుబయట ఒక బల్ల వేశాడు. దాని మీద ఒక నీలం అట్టముక్క పెట్టి, చుట్టూ లేత బూడిద నుంచి ముదురు బూడిద దాకా రకరకాల ఛాయల అట్టముక్కలు పేర్చాడు. నీలం ముక్క మీద ఉన్న గిన్నెలోనే చక్కెర నీళ్లు పోశాడు. తేనెటీగలు వచ్చి తాగి వెళ్లడం అలవాటు చేసుకున్నాయి. తర్వాత గిన్నెలన్నీ తీసేసి శుభ్రమైన ఖాళీ గిన్నెలు పెట్టాడు, నీలం ముక్కను వేరే చోటికి మార్చాడు. అయినా ఈగలు నేరుగా నీలం మీదకే వచ్చాయి. వాటికి రంగు తెలియకపోతే ఏదో ఒక బూడిద ఛాయ నీలంలాగే కనబడి పొరబడాలి. పొరబడలేదు. ఎరుపును మాత్రం అవి నల్లటి ఛాయలతో కలిపేసుకున్నాయి. అంటే తేనెటీగకు నీలం, పసుపు తెలుసు, ఎరుపు తెలియదు.

ఒక కుర్రవాడు పెద్ద పేరున్న నిపుణుడితో విభేదించాడు. గొడవ పడటానికి కాదు, బల్ల వేసి చూపించడానికి. సైన్స్ ఎగ్జిబిషన్‌కు ఖరీదైన మోడళ్లు తయారుచేయించే ముందు ఈ బల్లను ఒకసారి తలుచుకుంటే బాగుంటుందేమో.

పట్టు మీద నాట్యం

మొదటి ప్రపంచ యుద్ధంలో చూపు బాగా లేనందువల్ల ఆయన సైన్యంలోకి వెళ్లలేదు. వియన్నాలో ఒక ఆసుపత్రిలో పనిచేశాడు. 1917లో మార్గరెట్‌తో పెళ్లయింది. యుద్ధం అయ్యాక, 1919లో, మ్యూనిక్‌లో ఆయన జీవితాన్ని మార్చిన రోజు వచ్చింది.

ఆయనను చాలాకాలంగా ఒక విషయం వేధిస్తోంది. చక్కెర నీళ్ల గిన్నెను ఒక్క తేనెటీగ కనిపెడితే, కాసేపట్లోనే దాని పట్టు నుంచి బోలెడు ఈగలు వచ్చేస్తున్నాయి. లోపల చీకట్లో ఏం జరుగుతోంది? అద్దం పెట్టిన పెట్టెలో ఒకే ఒక పట్టు ఉంచి, గిన్నె దగ్గరికి వచ్చిన ఈగలకు రంగు చుక్కలు పెట్టాడు. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఆగి మళ్లీ నింపాడు. వెతకడానికి వచ్చిన ఒక ఈగ తాగి పెట్టెలోకి వెళ్లింది. పట్టు మీద గిరగిరా గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. చుట్టూ ఉన్న చుక్కల ఈగలు దాన్ని ముట్టుకుంటూ వెంట తిరిగి, బయటికి దూసుకుపోయాయి.

తర్వాత ఆయన ఈగలకు నంబర్లు వేసే పద్ధతి కూడా కనిపెట్టాడు. తెలుపు, ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ, ఈ ఐదు రంగులతో ఒంటి మీద వేర్వేరు చోట్ల చుక్కలు పెడితే దాదాపు 600 ఈగలను విడివిడిగా గుర్తుపట్టవచ్చు. అంటే మన హాజరు పట్టీ లాంటిదే. ఏ ఈగ వెళ్లింది, ఏది తిరిగి వచ్చింది అన్న లెక్క తేనెటీగల విషయంలో అలా సాధ్యమైంది.

పట్టు మీద ఆయనకు రెండు రకాల నాట్యాలు కనిపించాయి. ఒకటి గుండ్రటి నాట్యం. రెండోదానిలో ఈగ పొట్ట ఊపుతూ కొంత దూరం తిన్నగా నడిచి, వెనక్కి తిరిగి మళ్లీ అదే చేస్తుంది. మొదటిది మకరందం దొరికిందని, రెండోది పుప్పొడి దొరికిందని చెప్పడం అనుకున్నాడు. అలాగే అచ్చు వేశాడు. ఇరవై ఏళ్లకు పైగా అందరూ అదే నమ్మారు. అది తప్పు.

తేనెటీగలు కాపాడిన ఉద్యోగం

రోస్టాక్, బ్రెస్లావ్ విశ్వవిద్యాలయాల్లో పనిచేసి, 1925లో ఆయన మ్యూనిక్‌కు తన గురువు హెర్ట్‌విగ్ స్థానంలోకే వచ్చాడు. అమెరికాకు చెందిన రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ఇచ్చిన డబ్బుతో అక్కడ కొత్త జువాలజీ సంస్థ లేచింది. అంతా బాగుందనుకునేలోపే హిట్లర్ పాలన వచ్చింది.

ఆయన అమ్మమ్మది యూదు సంతతి. ఆ ప్రభుత్వపు లెక్కల్లో అది చాలు. 1941లో ఆయనను ఉద్యోగం నుంచి తప్పిస్తున్నట్టు ఉత్తర్వు వచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే నోసీమా అనే పేగు జబ్బు తేనెటీగల్లో ప్రబలి, లక్షల పెట్టెలు ఖాళీ అయ్యాయి. తేనెటీగలు పోతే తేనె ఒక్కటే పోదు. పళ్ల తోటలు, నూనెగింజల పంటలు కాయవు. యుద్ధం మధ్యలో తిండి కరువంటే ఎవరికైనా భయమే. సహోద్యోగులు ఆయన కోసం అర్జీలు పెట్టారు. చివరికి తేనెటీగల జబ్బు మీద పనిచేసే బాధ్యత ఆయనకు అప్పగించి, తొలగింపును యుద్ధం ముగిసేదాకా వాయిదా వేశారు. ఆయన్ని ఆయన ఈగలు కాపాడాయి. అలాంటి అవసరం తమ చేతిలో లేని ఎందరో పండితులకు ఆ అదృష్టం దక్కలేదు. ఇది కూడా మన పిల్లలకు చెప్పాల్సిన సంగతే.

1944లో మ్యూనిక్ మీద బాంబులు పడి సంస్థ, ఆయన ఇల్లు రెండూ దెబ్బతిన్నాయి. ఆయన తన ఈగలను తీసుకుని చిన్ననాటి సరస్సు ఒడ్డుకు, బ్రున్‌వింకల్‌కు చేరాడు.

తప్పును తానే దిద్దుకున్నాడు

అక్కడ చక్కెర నీళ్ల గిన్నెను ఎప్పటిలా పెట్టె పక్కన కాకుండా వందల మీటర్ల దూరంలో పెట్టి చూశారు. చక్కెర నీళ్లు తాగి వచ్చిన ఈగలే పొట్ట ఊపుతూ నాట్యం చేశాయి! అంటే తేడా మకరందానికీ పుప్పొడికీ మధ్య కాదు, దగ్గరకూ దూరానికీ మధ్య. ఇన్నేళ్లూ తన గిన్నె పెట్టె పక్కనే ఉండటం వల్ల పొరబడ్డానని ఆయనకు అర్థమైంది.

ఇక వదల్లేదు. గడియారం పట్టుకుని లెక్కపెట్టాడు. తిండి 100 మీటర్ల దూరంలో ఉంటే ఈగ 15 సెకన్లలో 9, 10 చుట్లు తిరుగుతుంది. 1000 మీటర్లయితే 4, 5 చుట్లు. 6000 మీటర్లయితే 2 చుట్లే. దూరం పెరిగే కొద్దీ నాట్యం నెమ్మదిస్తుంది. మరుసటి ఏడాది దిక్కు సంగతీ తేలింది. పట్టు నిలువుగా వేలాడుతుంది, లోపల చీకటి. ఈగ నిట్టనిలువుగా పైకి నడిస్తే సూర్యుడి వైపు వెళ్లమని అర్థం. నిలువు గీతకు 40 డిగ్రీలు ఎడమకు నడిస్తే, సూర్యుడికి 40 డిగ్రీలు ఎడమకు వెళ్లమని. నువ్వుగింజంత మెదడు కూడా లేని జీవి కోణాలు కొలిచి, దూరం లెక్కగట్టి, తోటివాళ్లకు చిరునామా చెబుతోంది.

1946లో ఆయన ఈ విషయాలన్నీ అచ్చు వేస్తూ, తన పాత వివరణ తప్పని తానే చెప్పాడు. అప్పటికి ఆయనకు అరవై ఏళ్లు. తప్పు ఒప్పుకోవడం వల్ల ఆయన పేరు పోలేదు, పెరిగింది. శిష్యుడు మార్టిన్ లిండావర్ శ్రీలంక దాకా వచ్చి మన ఆసియా తేనెటీగల నాట్యాలనూ చూశాడు. అమెరికాలో కొందరు, ఈగలు వాసన పట్టుకునే వస్తాయి కానీ నాట్యం చూసి కాదని గట్టిగా వాదించారు. ఆ వాదన ఏళ్ల తరబడి నడిచింది. 1973లో కాన్రాడ్ లోరెంజ్, నికో టిన్‌బెర్గెన్‌లతో కలిపి ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. 1982 జూన్ 12న మ్యూనిక్‌లో, 95 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. 2005లో ఇంగ్లండ్ శాస్త్రవేత్తలు నాట్యం చూసిన ఈగలకు బుల్లి రాడార్ పరికరాలు అతికించి వెంబడిస్తే, అవి నాట్యం చెప్పిన దిక్కుకే వెళ్లాయని తేలింది.

ఇప్పుడు ఆ బాబు ప్రశ్నకు వద్దాం

ఒక పురుగుమందు తేనెటీగకు ప్రమాదమా కాదా అని చూడటానికి చాలాకాలం ప్రధానంగా నడిచిన పరీక్ష ఒక్కటే. ఈగలకు మందు పెట్టి, ఒకటి రెండు రోజుల్లో ఎన్ని చచ్చాయో లెక్కపెట్టడం. చావకపోతే పాసైనట్టే. నేను క్లాసులో చెప్పిన జవాబు కూడా సరిగ్గా ఇదే.

వాన్ ఫ్రిష్ తర్వాత ఇంకో రకంగా అడగడం వీలైంది. బతికున్న ఈగ సరిగ్గా నాట్యం చేస్తోందా? దారి గుర్తుంచుకుందా? ఇంటికి చేరిందా? 1970లో, అంటే ఆయన బతికుండగానే, ష్రికర్, స్టీఫెన్ అనే ఇద్దరు పరిశోధకులు పారాథియాన్ అనే మందును చంపనంత చిన్న మోతాదులో తేనెటీగలకు ఇచ్చి చూశారు. ఈగలు బతికే ఉన్నాయి, నాట్యమూ చేశాయి. కానీ నాట్యంలో చెప్పిన చిరునామా తప్పుతోంది. సరైన నాట్యం ఎలా ఉంటుందో ముందే తెలియకపోతే ఆ తప్పును ఎవరు పట్టుకోగలరు?

తర్వాత ఇమిడాక్లోప్రిడ్, థయామెథోక్సామ్ వంటి కొత్త తరం మందులు వచ్చాయి. ఇవి మన పత్తి, మిరప చేలలోనూ వాడేవే. విత్తనానికి పట్టిస్తే మొక్క అంతటా పాకి, కొద్ది పాటి మకరందంలోకి, పుప్పొడిలోకీ చేరతాయి. పురుగు నరాల మధ్య సందేశాలు అందే చోట అతుక్కుని పనిచేస్తాయి. తేనెటీగ జ్ఞాపకశక్తి కూడా ఆ నరాల మీదే ఆధారపడి ఉంది.

2012లో అమెరికాలోని శాన్ డియాగో శాస్త్రవేత్తలు తేనెటీగలకు ఇమిడాక్లోప్రిడ్ అతి తక్కువ మోతాదులో ఇచ్చారు. 24 గంటల తర్వాత అవి చేసిన నాట్యపు చుట్లు మామూలు కంటే 4.5 నుంచి 10.5 రెట్లు తగ్గాయి. తిండి ఎక్కడుందో తెలిసినా ఇంట్లో చెప్పడం తగ్గించేశాయన్నమాట. అదే ఏడాది ఫ్రాన్స్‌లో 600కు పైగా ఈగలకు బుల్లి చిప్‌లు అతికించారు. వాన్ ఫ్రిష్ రంగు చుక్కలకు ఇది ఈ కాలపు రూపం. కొన్నిటికి థయామెథోక్సామ్ కలిపిన చక్కెర నీళ్లు ఇచ్చి, పెట్టెకు కిలోమీటరు దూరం వరకు తీసుకెళ్లి వదిలారు. మందు ప్రభావం వల్లే తిరిగి రానివి, తెలిసిన చోటు నుంచి వదిలినప్పుడు దాదాపు 10 శాతం, తెలియని చోటు నుంచి వదిలినప్పుడు 30 శాతం పైనే. మందు వాటిని అక్కడికక్కడే చంపలేదు. ఇంటిదారి మరిపించింది. కానీ గూడు చేరని తేనెటీగ ఒంటరిగా ఎక్కువ కాలం బతకదు.

ఈ ఫలితాల మీద వాదనలు జరిగాయి. ఇచ్చిన మోతాదు పొలంలో నిజంగా దొరికేదేనా, కొన్ని ఈగలు పోయినంత మాత్రాన పెట్టె మొత్తం దెబ్బతింటుందా అని ప్రశ్నలు వచ్చాయి. తేనెటీగలు తగ్గడానికి వరోవా అనే పేనులాంటి పురుగు, జబ్బులు, పూలు లేని పొలాలు కూడా కారణాలే. అయినా సాక్ష్యాలు పెరుగుతూ పోవడంతో యూరోపియన్ యూనియన్ ఈ కుటుంబానికి చెందిన మూడు మందుల మీద 2013లో ఆంక్షలు పెట్టింది. 2018లో ఆరుబయట పంటలకు వాటిని పూర్తిగా నిషేధించింది.

మన రైతు మందు కొట్టేది సరదాకు కాదు. దోమ, పేనుబంక వస్తే ఏడాది కష్టం పోతుంది. అందుకే వ్యవసాయ శాస్త్రవేత్తలు ఒక చిన్న సలహా ఇస్తుంటారు. పూత మీద ఉన్న చేనులో మందు కొట్టక తప్పకపోతే, తేనెటీగలు గూటికి చేరాక సాయంత్రం కొట్టమని. మీ ఊళ్లో పొలం ఉంటే ఈ పండక్కి వెళ్లినప్పుడు ఈ మాట చెప్పి రండి. మీ అపార్ట్‌మెంట్ సన్‌షేడ్ కింద పట్టు పడితే, స్ప్రే కొట్టించే ముందు, దాన్ని చంపకుండా తరలించేవాళ్లు దొరుకుతారేమో ఒకసారి కనుక్కోండి. పిల్లలను మాత్రం పట్టు దగ్గరికి వెళ్లనివ్వకండి.

ఈ సోమవారం క్లాసులో ముందుగా ఆ బాబును లేపి, నీకు పోయినసారి తప్పు జవాబు చెప్పాను అని అందరి ముందూ చెప్పాను. క్లాసంతా ఒక్కసారి నిశ్శబ్దమైంది. తర్వాత ఎప్పుడూ లేనంతమంది చేతులెత్తారు. బెల్ కొట్టినా ప్రశ్నలు ఆగలేదు.

మీకు ఒక చిన్న హోంవర్క్. వచ్చే ఆదివారం పొద్దున్నే పిల్లలతో కలిసి బాల్కనీలో తులసి కుండీ దగ్గరో, వీధిలో మునగచెట్టు కిందో ఒక పావుగంట కదలకుండా నిలబడండి. ఫోన్ లోపల పెట్టండి. ఏ పువ్వు మీద ఏం వాలింది, ఎంతసేపు ఉంది, ఎటు వెళ్లిందో వాళ్లనే రాయమనండి. మార్కులు లేవు. రాసిన కాగితాన్ని డైరీలో పెట్టి పంపండి, నేను చదువుతాను.